తుప్పు అన్నాడు నాన్న

నాన్న సోఫాలకు, కుర్చీలకు రెక్సిన్ బిగిస్తాడు. ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి పట్టి మేకు కొట్టాలి. అందుకని చిన్న మేకుల్ని గుప్పెడు తీసి బుగ్గలో వేసుకుంటాడు. ఒక్కొక్క దాన్ని నాలుకతో తిప్పి, మేకు తల ముందుకు వచ్చేలా పెదవుల మధ్యకు తెస్తాడు. వీధిలో పిల్లలు ఆయన్ని మేకుల మామ అంటారు.

పది రోజుల క్రితం ఆయన బుగ్గ లోపల పుండు పడింది. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉండేది. ముద్ద నోట్లో పెడితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. దాంతో తిండి తగ్గించాడు. పని మాత్రం తగ్గించలేదు. ఒక హాలుకు నూట ఇరవై కుర్చీలు శుక్రవారానికి ఇస్తానని మాటిచ్చాడు. భుజం లాగేస్తోందని పొద్దున ఒకటి, సాయంత్రం రెండు నొప్పి మాత్రలు ఖాళీ కడుపునే మింగేవాడు.

నిన్న ఆయన తర్వాత నేను మరుగుదొడ్డికి వెళ్ళాను. నీళ్ళు సరిగా పోయలేదు. మిగిలినది తారులా నల్లగా, జిగటగా మెరుస్తోంది. వాసన కూడా వేరుగా ఉంది. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

"తుప్పు తల్లీ," అన్నాడు నాన్న. "ఇరవై ఏళ్ళ నుంచి ఇనుము చప్పరిస్తున్నా. ఎటో ఒకవైపు బయటికి రావాలిగా! అమ్మకు మాత్రం చెప్పకు. చెప్పావంటే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోతాయి."

నేను నమ్మాను. ఇనుము నల్లగానే కదా ఉండేది.

ఈ రోజు పొద్దున ఆయన మంచం మీంచి లేచి గోడ పట్టుకున్నాడు. పెదవులు పాలిపోయాయి. అమ్మకు నోటి పుండు సంగతి ఒక్కటే తెలుసు. తిండి లేక నీరసం అనుకుంది.

"ముందు ఆ నోరు డాక్టరుకు చూపించుకుని రా," అని ఆయన్ని కసిరి, నా వైపు తిరిగింది. "నువ్వూ వెళ్ళవే. ఒక్కణ్ణే పంపితే సందు చివర నుంచి షాపుకు మళ్ళుతాడు."

దారిలో నాన్న రెండుసార్లు ఆగాడు.

"చెప్పు కరుస్తోంది," అన్నాడు. ఆ చెప్పులు మూడేళ్ళ నాటివి. నుదుటి మీద చెమట చల్లగా ఉంది. అప్పుడు నాకు భయం పట్టుకుంది.

డాక్టరమ్మ గదికి తలుపు లేదు, తెర ఒక్కటే. అవతల బెంచీ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. నాన్న మేకుల సంగతి చెప్పి నోరు తెరిచాడు. ఆమె టార్చి వేసి లోపలికి చూసింది.

"మేకులు గీరుకుని పడిన పుండు ఇది. వాటిని నోట్లో పెట్టడం మానేస్తే మానుతుంది. మూడు వారాలైనా మానకపోతే మాత్రం ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఇంకేమన్నా ఉందా? కడుపులో మంట, నొప్పి?"

"అబ్బే, ఏం లేదమ్మా. భుజం ఒక్కటే. దానికి కాస్త గట్టి మాత్ర రాయండి."

ఆమె కలం కాగితం మీదకు వెళ్ళింది. బడిలో హాజరు పిలిచినా నేను చెయ్యెత్తేదాన్నే కానీ నోరు విప్పేదాన్ని కాదు. ఇక్కడ తెర అవతల ఆరుగురు వింటారు. నాన్న పరువు పోతుంది. ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. మాట్లాడకు అని.

కలం కదిలింది.

"నల్లగా వెళ్తోందండీ!" అన్నాను. గొంతు నాది కాదేమో అన్నంత గట్టిగా వచ్చింది. "దొడ్డికి... తారులా. మాత్రలు రోజూ మూడు మింగుతున్నాడు. ఏమీ తినకుండా."

తెర అవతల ఎవరో దగ్గారు.

"మేకుల తుప్పు అమ్మా అది," అన్నాడు నాన్న.

"ఐరన్ మాత్రలు మింగితే నల్లబడొచ్చు. మేకు నోట్లో పెట్టుకుంటే కాదు," అంటూ డాక్టరమ్మ ఆయన కన్ను కిందికి లాగి చూసింది. నాడి పట్టుకుంది. రాస్తున్న కాగితం చింపేసింది. "కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నట్టుంది. అది అరిగి నల్లగా వస్తుంది. ఈ నొప్పి మాత్రలే ఆ పుండు చేసి ఉంటాయి. నేనూ ఇంకోటి రాయబోయాను! లేవకండి, పడుకోండి. అంబులెన్సు పిలుస్తాను."

పెద్దాసుపత్రిలో ఆయనకు రక్తం ఎక్కించారు. కెమెరా ఉన్న గొట్టాన్ని గొంతులోంచి కడుపులోకి దించారు. కబురు విని పరుగున వచ్చిన అమ్మ బెంచీ మీద నా చెయ్యి నొక్కి పట్టుకుంది, వదల్లేదు. గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు.

"రక్తం ఆగింది. పుండు మానడానికి వారాల తరబడి మందులు వాడాలి. కడుపులో ఒక సూక్ష్మజీవి కూడా ఇలాంటి పుండ్లు చేస్తుంది, అదుందేమో పరీక్షకు పంపాం. నొప్పి మాత్రలు ఇక ముట్టుకోకూడదు."

లోపలికి వెళ్తే నాన్న నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నర్సు కాగితం తెచ్చింది.

"ఏ మాత్రలు వేసుకున్నారు, ఎన్నాళ్ళ నుంచి?"

నాన్న మొహం ఇటు తిప్పి నన్ను చూపించాడు.

"దాన్నే అడగండమ్మా. నేను చెబితే లెక్క తప్పుతుంది."