గ్రూపులో పెట్టిన నా రక్తం

దుప్పట్లు పిండుతుంటే అత్తయ్య బాల్కనీ గుమ్మంలో నిలబడి అడిగింది. "అమ్మాయ్, నీ లెక్క మరీ ఇంత తక్కువొచ్చిందేమిటే?"

ఏ లెక్కో నాకు అర్థం కాలేదు. పిల్లలు పుట్టడానికి పరీక్షలన్నారు, గొడవెందుకని వెళ్లి రక్తమిచ్చి వచ్చాను. లాబ్‌లో మా ఆయన తన ఫోన్ నంబరు రాయించాడు. రిపోర్టు తనకే వచ్చింది. తీసుకెళ్లి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అండాశయాల్లో గుడ్లు ఏపాటి మిగిలాయో చెప్పే హార్మోను నా ఒంట్లో ఎంతుందో నాకంటే ముందు ఆడపడుచుకీ, తోడికోడలికీ, ఆఖరికి పెళ్లిలో ఒక్కసారి చూసిన పెదమామయ్యకీ తెలిసిపోయింది. ఆయన దండం బొమ్మ కూడా పెట్టాడు. "వదినకి ముప్పై నాలుగు, ఆవిడ అండాశయానికి నలభై అయిదు" అని ఆడపడుచు రాసింది. ఒళ్లు మండిపోయింది.

"మనవాళ్లే కదా, దాచడానికేముంది?" అన్నాడు మా ఆయన. డాక్టరమ్మ పరీక్షలు ఇద్దరికీ రాసింది. తన సంగతి ఎత్తితే, "మగాడికి పరీక్షలేంటి, నవ్విపోతారు" అని కొట్టిపారేశాడు. తన చీటీ చొక్కా జేబులోనే ఉండి ఉతుకులో ముద్దయిపోయింది. ఆ చొక్కా ఉతికిందీ నేనే.

నేను బస్సు డిపోలో షెడ్యూళ్లు వేస్తాను. ఏ బండి ఎప్పుడు కదలాలో, ఎవరు నడపాలో చెప్పేది నేనే. మర్నాడు మేనేజరు పిలిచి, నాకు రావలసిన కంట్రోలర్ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశానన్నాడు. "మీకు ట్రీట్‌మెంట్ మొదలవుతోందట కదమ్మా. మీవారే ఫోన్ చేసి చెప్పారు." బాత్రూంలోకి వెళ్లి కరువుతీరా ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి మధ్యాహ్నం షెడ్యూలు పూర్తి చేశాను.

ఆ వారమే అత్తయ్యతో కలిపి ముగ్గురం డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాం. "ఈ లెక్క గుడ్ల సంఖ్యని ఇంచుమించుగా చెప్తుందంతే. గర్భం వస్తుందో రాదో ఇదొక్కటే తేల్చదు. మీ వారి పరీక్ష అయ్యిందా?" అని ఆవిడ అడిగింది. మా ఆయన గోడ వైపు చూశాడు.

"అవన్నీ తర్వాతమ్మా, ముందు దీనికి ఇంజెక్షన్లు మొదలుపెట్టండి. టైం లేదు" అంది అత్తయ్య.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

పెళ్లయిన ఆరేళ్లలో ఈ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఎవరైనా అడుగుతారేమోనని జవాబు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నాను.

"నాకు పిల్లలు వద్దు డాక్టరుగారూ. ఆ లెక్క ఇంతకి పది రెట్లు వచ్చినా వద్దనేదాన్నే."