ఈశాన్యానికి వాలిన బాట

నేను ఒక కంకర బాటను. ముమ్మిడివరంలో ఒక ఇంటి గేటు నుంచి వరండా దాకా పాతిక అడుగుల పొడవున పడి ఉంటాను. అందరూ నన్ను తొక్కుతారు. దానికి నాకేం బాధ లేదు, పుట్టిందే అందుకు. నా ఫిర్యాదంతా ఇంటాయన ముక్తేశ్వరరావు గారి మీద. ముప్పై ఏళ్లు కాలువల మీద ఇంజనీరుగా చేసి, ఊరూరికీ నీళ్లు మళ్లించిన మనిషి, తన వాకిట్లో పడ్డ వాన నీటిని పది గజాల దూరంలో ఉన్న వీధి కాలువలోకి పంపలేకపోయాడు. పైగా ఆ నింద నా మీద వేశాడు.

ఒకప్పుడు నేను రాజమండ్రి అవతల కొండను. మందుపెట్టి పేల్చారు, క్రషర్‌లో వేసి నమిలించారు. అందుకే నా ముక్కలన్నిటికీ అంచులు కోసుగా ఉంటాయి. ఏటి గులకరాయిలా నునుపుగా దొర్లిపోయే రకం కాదు నేను. సరిగా పరిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాను. సరిగా పరిస్తే!

నన్ను తెప్పించింది ఆయన తల్లి మాణిక్యాంబ గారి కోసం. నిరుడు వానల్లో ఆవిడ ఇదే వాకిట్లో ఒండ్రుమట్టి మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు చక్రాల వాకర్ పట్టుకుని నడుస్తోంది. మెట్లు తీయించి వాలు కట్టించారు గానీ, ఆ వాలు దిగితే మళ్లీ బురదే. గేటు పక్కన సిమెంటు బల్ల ఉంది. సాయంత్రం దాని మీద కూర్చుని వీధిన పోయేవాళ్లని ఆపి కబుర్లాడటమే ఆవిడకు లోకం.

"ఈ వానాకాలం కూడా నన్ను గోడలకేసి కూర్చోబెడితే మాట్లాడ్డమే మర్చిపోతాన్రా," అంది కొడుకుతో.

ఇంటావిడ హైమావతి గారు ముందే చెప్పింది. "అరడుగు తవ్వించి, పెద్ద కంకర పోయించి దిమ్మిస కొట్టించండి. దాని మీద తేనెపట్టు గళ్ల షీట్లు పరిచి, ఆ గళ్లల్లో చిన్న కంకర నింపిస్తే కదలదు. నీళ్లు వీధివైపు పోయేలా వాలు పెట్టించండి."

"వీధంటే దక్షిణం. నీళ్లు దక్షిణానికి పోతే ఇంకేమైనా ఉందా? ఈశాన్యానికి పోవాలి."

"ఈశాన్యంలో మన వరండా ఉందండి."

"వాస్తు వరండాని లెక్కచెయ్యదు. నువ్వా పప్పు పోపు సంగతి చూడు."

ఆవిడ పోపు పెట్టడానికి వెళ్లింది. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. మర్చిపోయి ఉంటుందని ఆయన అనుకున్నాడు.

షీట్లు దండగన్నాడు. తవ్వకం అనవసరమన్నాడు. పాతకాలపు నీటిమట్టం గొట్టం పట్టుకుని స్వయంగా చూసుకుని మరీ, వరండాకేసి వాలేలా నన్ను బురద మీద కుమ్మరింపజేశాడు.

నా అవమానాలు మర్నాడే మొదలయ్యాయి. ఆ ఇంట్లో పనిచేసే నూకాలు తెల్లారగానే కొబ్బరీనెల చీపురుతో వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతుంది. ఆవిడ చీపురు ముందు ఎండుటాకు, కంకర రెండూ ఒకటే. రోజుకో తట్టెడు నన్ను క్రోటన్ మొక్కల మొదట్లోకి తోసేసి, "ఆయ్, శుభ్రంగా ఊడ్చేశానండమ్మగోరూ," అనేది. కొండగా పుట్టి చెత్తగా బతకడం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. నీళ్లు ఆయన చెప్పిన మాట తుచ తప్పకుండా విన్నాయి. నా మీదుగా బురదతో సహా వరండా ముందు మడుగు కట్టి, వాలెక్కి లోపలికి నడిచి వచ్చాయి. మాణిక్యాంబ గారు వాలు దిగి రెండడుగులు వేసేసరికి వాకర్ చక్రాలు నాలో కూరుకుపోయాయి. హైమావతి గారు పరిగెత్తుకొచ్చి పట్టుకోకపోతే రెండో తుంటి కూడా విరిగేదే.

"ఈశాన్యానికి నీళ్లు పోతే సిరొస్తుందన్నావు కదరా," అందావిడ కుర్చీలో కూలబడి. "వచ్చింది చూడు, కాళ్ల దగ్గర." చూస్తే కప్ప.

అప్పుడైనా ఒప్పుకున్నాడా? "కంకర నాసిరకం," అన్నాడు! నా అంచులు కోపంతో ఇంకాస్త పదునెక్కాయి. తల్లిని మళ్లీ వరండాకి పరిమితం చేసి, చెల్లెలి గృహప్రవేశానికని తుని వెళ్లాడు. ఐదు రోజులు.

ఆటో వీధి మలుపు తిరగ్గానే హైమావతి గారు మేస్త్రిని లోపలికి పిలిచింది. గళ్ల షీట్లు అప్పటికే అటక మీద ఉన్నాయి. పాత పరుపుల కింద దాచిందట. తవ్వించింది, దిమ్మిస కొట్టించింది, వాలు వీధికి తిప్పించింది. నూకాలు చేత క్రోటన్ మొదళ్లలోంచి నన్ను తట్టల్లో ఏరించి, కడిగించి, గళ్లల్లో నింపించింది. "ఇప్పుడు ఊడ్చుకోవే నీ ఇష్టం," అంది. నూకాలు ఊడ్చింది. ఆకులు పోయాయి, నేను పోలేదు.

ఐదోనాడు గంటసేపు కుండపోత. తెరిపిచ్చిన ముప్పావుగంటకి ముక్తేశ్వరరావు గారు ఆటో దిగాడు. గేటు పక్క బల్ల మీద, పక్కన వాకర్ పెట్టుకుని, తల్లి కూర్చుని ఉంది.

"నువ్వెలా వచ్చావే ఇక్కడికి? ఎవరు తీసుకొచ్చారు?"

"నేనే వచ్చాను. ఎవరూ పట్టుకోలేదు. వచ్చి అరగంటైంది, అవతలింటి కోడలి పురిటి కబుర్లన్నీ అయిపోయాయి."

ఆయన నాకేసి చూశాడు. గొడుగు పక్కన పెట్టి గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలితో నొక్కాడు. నేను కదల్లేదు. నీరు చిన్న చప్పుడు చేసుకుంటూ వీధి కాలువలోకి దిగిపోతోంది. వరండాలో హైమావతి గారు గుమ్మానికి ఆనుకుని బీరకాయ చెక్కు తీస్తోంది, తనకేమీ పట్టనట్టు.

ఆయన ఏదో గొణిగాడు.

"ఏవిట్రా? ఆటో చప్పుడుకి వినబళ్లేదు," అంది తల్లి.

ఆటో వెళ్లిపోయి చాలాసేపయింది. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచారు. ఆయన తల వంచుకునే ఉన్నాడు. చూపు నా మీదే ఉంది కాబట్టి, ఆ మాట నాకే చెప్పాడని నేను తీర్మానించుకున్నాను.

"తప్పు నాదే అంటున్నానమ్మా! హైమ చెప్పిందే సరి, తప్పు నాదే!"