పోలమ్మ అడిగింది

చేప పొట్ట కోసేటప్పుడు పోలమ్మ తొందరపడదు. కత్తిపీటను పాదంతో అదిమిపెట్టి, పండుగప్పను అంచుమీదికి నెట్టి, చీలిక తెరుచుకోగానే ఒక్క క్షణం లోపలికి చూస్తుంది. ముప్పై ఏళ్లుగా నాగాయలంక చేపల బజార్లో ఇదే పని. అయినా ఆ చూడటం మానలేదు. ఇది గాలితిత్తి. ఇది చేదుతిత్తి, పగిలితే కూరంతా పాడు. ఇవి గుడ్లు. ఇంత చిన్న కడుపులో ఇంత సామాను ఎంత పొందికగా సర్ది ఉందో అని ఆమెకు ఇప్పటికీ వింతే.

నల్లటి, బక్కపలచటి మనిషి. యాభై రెండేళ్లు. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని ఎండకు మెరుస్తుంటాయి. లేచేటప్పుడు మాత్రం ఎడమచేతిని పొత్తికడుపు కింద ఆనించి, మోకాళ్లు దగ్గరగా నొక్కుకుని లేస్తుంది. నడుమునొప్పి అనుకునేవారు అందరూ. ఆమె కూడా అదే చెప్పేది.

చిన్నకొడుకు బాలాజీ పుట్టిన పదో రోజునే ఆమె చేపల గంప నెత్తికెత్తుకుంది. మూడో నెలలో ఏదో కిందికి జారినట్టయింది. మెత్తగా, కోడిగుడ్డంత. పడుకుంటే లోపలికి వెళ్లేది, నడిస్తే మళ్లీ వచ్చేది. రానురాను పడుకున్నా వెళ్లడం మానేసింది. పాత చీర చించి గట్టిగా కట్టుకుని ఇరవై నాలుగేళ్లు గంప మోసింది. పేగు జారిందనుకుంది. ఎవరినైనా అడుగుదామన్నా ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

పోయిన నెల చేపలకొచ్చిన నర్సు హన్నా ఆమె లేవడం చూసి, పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. తనే బందరు ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద బొమ్మ గీసింది. పోలమ్మ వంగి చూసింది.

"పేగు కాదాండీ ఇది?"

"కాదమ్మా, గర్భసంచి. పట్టి ఉంచే కండరాలు వదులైపోయి జారింది. దాన్ని తీసేసి కుట్లు వేస్తాం."

"ముగ్గురు పిల్లలూ ఇంతదాంట్లోనే ఉన్నారా?"

"ఇందులోనే. బిడ్డతోపాటు పెరుగుతుంది, తర్వాత ముడుచుకుంటుంది."

పోలమ్మ ఆ బొమ్మను వేళ్లతో కొలిచింది. "తీశాక నాకొకసారి చూపించండమ్మా. పారెయ్యకముందే."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు," అంది. "చూపిస్తాను."

ఆస్పత్రిలో చేరవలసింది ఈ రోజే. పదకొండు గంటల బస్సు. అయినా పొద్దున్నే వచ్చి, వాడుకగా కొనేవాళ్లకు చేపలు కోసి ఇచ్చింది.

పదింటికి భర్త అంకమ్మరావు బట్టల సంచీతో వచ్చాడు. వేటకు వెళ్లలేదు. నిన్న హన్నా చెప్పేదాకా అతనికేమీ తెలియదు. ఇన్నేళ్లూ ఆమె దూరంగా జరిగి పడుకుంటే, తన మీద మనసు విరిగిందనుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు, కత్తిపీట కడుగుతున్న ఆమె వైపు చూడకుండా.

"ఏమని చెప్పను? అదేంటో నాకే తెలీదు గదా."

అతను సంచీని భుజానికి తగిలించుకున్నాడు. "నొప్పుండేదా?"

"అలవాటైపోయింది." కత్తిపీట తుడుస్తూ, "ఎండాకాలం ఒరుసుకుపోయేది," అంది. అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది, చెప్పడం ఇంత సులువా అని.

అంకమ్మరావు కత్తిపీటను గంపలో వేసి, గంపను తన నెత్తిన పెట్టుకున్నాడు. ఆ బజార్లో మగవాళ్లు గంప మొయ్యరు. ఎవరో నవ్వారు. అతను వినిపించుకోకుండా నడిచి, బస్టాండు దగ్గర గంగరాజు టీకొట్లో దాన్ని దింపాడు.

బస్సులో తోడొస్తున్న హన్నా కిటికీ పక్క సీటు ఆమెకిచ్చింది. బస్సు ఇంకా కదలలేదు.

"ఒకేడు మా గేదెకు ఈనాక ఇట్టాగే జారింది హన్నమ్మా," అంది పోలమ్మ. "ఈయనే పరుగెత్తి పశువుల డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆ డాక్టరు లోపలికి నెట్టి కుట్లేశాడు. పక్కనే నిలబడి దీపం పట్టుకుంది నేనే. నాదీ అదేనని తట్టలేదు చూడు."

వెనక సీట్లో అంకమ్మరావు తల దించుకున్నాడు. పోలమ్మ అప్పటికే ఇంకోటి ఆలోచిస్తోంది.

"అది తీసేశాక ఆ చోటు ఖాళీగా ఉంటుందా, లేక పేగులు సర్దుకుంటాయా?"

"సర్దుకుంటాయి పిన్నీ."

"అదీ సంగతి," అంది పోలమ్మ తృప్తిగా. బస్సు అవనిగడ్డ దారి పట్టింది.

చేపల బజార్లో ఆమె కూర్చునే చోట నీళ్లింకా ఆరలేదు. పాత సైకిల్ టైరుకు గోనెపట్టా చుట్టి, ఒత్తిడి తగలకుండా మధ్యలో ఖాళీ వదిలి ఆమె తనకోసం కుట్టుకున్న ఆసనం అక్కడే ఉండిపోయింది, ఏళ్ల బరువుకు ఒకవైపు నొక్కుకుపోయి.