తేట కన్నీళ్లు

పొద్దున్నే సూర్యకళ కత్తిపీట ముందేసుకుని కూరకి ఉల్లిపాయలు తరుగుతుంది. కళ్లు మండి నీళ్లు కారగానే తెల్ల గుడ్డతో ఒత్తుకుని, గుడ్డని వెలుతురుకి పట్టి చూస్తుంది. రంగుల షెడ్డు ఏ రంగు నీళ్లు వదిలిందో అందులో తెలిసిపోతుంది. ఉప్పాడ పక్కనున్న ఆ నేత వీధిలో ఆడవాళ్లందరిదీ ఇదే వరస. "మాకివాళ చిలకపచ్చ వచ్చిందమ్మా" అని ఒకావిడ గోడ మీంచి కేకేస్తే, "మాకింకా మొన్నటి ఊదాయే" అని ఇంకొకావిడ అంటుంది. అందులో వింతేముంది? సముద్రం పాత వీధిని మింగేశాక వచ్చి ఇక్కడ పడ్డారు. ఊరంతటికీ ఒకటే బోరు, దాని పక్కనే షెడ్డు. షెడ్డు నీళ్లు బోరులోకి దిగుతాయి, బోరు నీళ్లు మనుషుల్లోకి దిగుతాయి, కళ్లలోంచి రంగు బయటికొస్తుంది.

ఆ షెడ్డు సూర్యకళ భర్త యుగంధర్‌ది. వీధిలోని మగ్గాలన్నిటికీ పట్టునూలుకి రంగు వేసేది అతనే. నిరుడు బెంగళూరు కంపెనీ ఒకటి వచ్చి, నేలనీ నీటినీ పాడుచేయకుండా రంగేసిన చీరలైతే ఎన్నయినా కొంటామంది. యుగంధర్ నిజంగానే కష్టపడ్డాడు. కట్టెల పొయ్యి తీసేసి నీళ్లు కాగడానికి షెడ్డు కప్పు మీద సోలార్ పెట్టించాడు. ఒక రంగు వేయగా మిగిలిన నీళ్లతోనే తర్వాతి రంగు కలిపాడు. మురికి నీళ్లు తేరుకోవడానికి ఇసుకా బొగ్గూ పోసి ట్యాంకు కట్టాడు. కొన్నాళ్లకి వీధిలో అందరి కన్నీళ్లూ పలచబడి, తేటపడ్డాయి. పిల్లలు పోటీలు పెట్టుకుని మరీ ఏడ్చారు. సూర్యకళకి మొగుణ్ణి చూస్తే గర్వంగా ఉండేది.

అంతలో పెళ్లిళ్ల సీజను వచ్చిపడింది. ఒకరోజు ఉల్లిపాయ తరిగితే తెల్ల గుడ్డ మెరూన్ రంగుకి తిరిగింది.

"ఏవండీ, పైపు ఎటు తిప్పారు?"

"వెనకాల పాడుబావిలోకి. ఈ సీజను అయ్యేదాకానే. ట్యాంకులో నీళ్లు తేరేదాకా కూర్చుంటే మగ్గాలన్నీ ఖాళీగా కూర్చోవాలి."

"అవి మళ్లీ మన బోరులోకేగా వచ్చేది!"

"నేను మాత్రం తాగట్లేదేంటి? నాకేమైనా అయ్యిందా?"

సూర్యకళ కుండలో గ్లాసు ముంచింది. మంచినీళ్లు ఇవ్వబోతే, షెడ్డులో తాగే వచ్చానన్నాడు. ఈమధ్య ఎప్పుడూ అదే మాట.

కంపెనీ తరఫున ఆశాజ్యోతి మేడం షెడ్డు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. యుగంధర్ ఇంటింటికీ తిరిగి చేతులు పట్టుకున్నాడు. "మేడం ఉన్నంతసేపూ ఎవరూ ఏడవకండి. పిల్లల్ని కొట్టకండి. ఉల్లిపాయల జోలికెళ్లకండి. పాడుబావి పైపు ఈలోగానే మూసేస్తాను." ఆర్డరు పోతే మగ్గాలు ఆగిపోతాయి, ఎవరికి తెలియదు కనక? ఒక్క పూట ఏడవకుండా ఉండటం ఎంతలే అనుకున్నారంతా.

సరిగ్గా ఆ పొద్దున్నే పాపాయమ్మ పోయింది. తల్లి లేని యుగంధర్‌ని పెంచి, రంగుల పని నేర్పిన పిన్ని ఆవిడ. కిడ్నీలు పాడై చాన్నాళ్లుగా మంచంలో ఉంది.

ఆ వీధి ఆచారం ప్రకారం, ఆవిడ చివరికంటూ సొంత మగ్గం మీద నేసి దాచుకున్న రంగు వేయని తెల్లబట్టనే మీద కప్పారు. చుట్టూ ఆడవాళ్లు పొడికళ్లతో కూర్చున్నారు. కూతురు అచ్చాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది తప్ప చుక్క రాల్చలేదు. మొగుణ్ణి పెంచిన చేతులు కళ్లెదుటే చల్లబడి ఉంటే ఆర్డరు కోసం ఏడుపు మింగుతున్నందుకు సూర్యకళకి తనమీద తనకే అసహ్యం వేసింది.

షెడ్డు చూడటం ముగించుకుని ఆశాజ్యోతి కూడా ఫైలుతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. యుగంధర్ దణ్ణం పెట్టడానికి వంగాడు. పిన్ని కాలిగోళ్లలో ఏ కాలంలోనో ఇంకిపోయిన రంగు ఇంకా ఉంది. అది చూసి అతనికి దుఃఖం ఆగలేదు. ఆ కాళ్ల మీద తల పెట్టి భోరుమన్నాడు.

అచ్చాయమ్మ అతని చెంపల వంక చూసింది. "అన్నయ్యా! తేటగా ఉన్నాయి!"

వీధి మొత్తం ఊపిరి పీల్చుకుంది. పైపు మూసేశాడన్నమాట, మాట నిలబెట్టుకున్నాడన్నమాట! ఇంకేం భయం? అచ్చాయమ్మ తల్లి మీద పడి గొల్లుమంది. ఆమె వెనకే అందరూ. సూర్యకళ కూడా కడుపారా ఏడ్చింది.

తెల్లబట్ట మీద మెరూన్ చుక్కలు పడ్డాయి. చూస్తుండగానే చుక్కలు మరకలయ్యాయి.

ఒక్కొక్కరే ఏడుపు ఆపి యుగంధర్ వైపు తిరిగారు. అతని కన్నీళ్లు మాత్రం ఇంకా తేటగానే కారుతున్నాయి.

షెడ్డులో తాగే వచ్చానన్న మాట గుర్తొచ్చి, సూర్యకళ లేచి షెడ్డుకెళ్లింది. అతని గదిలో తలుపు వెనకాల గోనెసంచి కప్పి ఉన్న మినరల్ వాటర్ టిన్ను చంకనెత్తుకొచ్చి శవం పక్కన పెట్టింది. ఆశాజ్యోతి తెల్లబట్టనీ టిన్నునీ చూసి ఫైలు మూసింది. "ఇందాక వాడట్లేదన్నారే, ఆ పాడుబావి పైపు మూశాక కబురు చేయండి" అని వెళ్లిపోయింది.

ఆర్డరు పోయింది. సగం మగ్గాలు ఆగాయి. అచ్చాయమ్మ రొయ్యలు వొలిచే పనికి పోతోంది. యుగంధర్ పైపుని సిమెంటుతో పూడ్చి, వచ్చిన కాస్త నూలుకీ ట్యాంకు తేరేదాకా ఆగి మరీ రంగు వేస్తున్నాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు. తెల్లారేసరికి ఎవరో ఒకరు అతని గడపలో చెంబుడు బోరు నీళ్లు పెట్టి వెళుతున్నారు. అతను తాగుతున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే ఉల్లిపాయలు తరిగేది అతనే. ఒకరోజు కళ్లు ఒత్తుకుని గుడ్డని వెలుతురుకి పట్టాడు. మెరూన్.

"ఇంకా పోలేదు" అన్నాడు చిన్నగా.

సూర్యకళ చెంబులోంచి ఇంకో గ్లాసు నింపి అతని ముందు పెట్టింది.