ఎక్కేవాళ్ల చేతికి

బండి కంపెనీ అమ్మాయి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను పోస్టాఫీసు కౌంటర్లో పార్సిల్ తూస్తున్నాను. జనం గుమ్మం దాకా లైను కట్టి ఉన్నారు.

"మీ ఎస్‌యూవీలో ఇంకా ఏమేం మార్పులు చేస్తే బాగుంటుందో చెబుతారా మేడమ్? బండి కొన్నవాళ్ల అభిప్రాయాలు తీసుకుంటున్నాం" అంది, గొంతులో తేనె పోసుకుని.

"పొట్టిగా చెయ్యండి" అన్నాను.

"అంటే మేడమ్?"

"అంటే ఏముంది, ఎత్తు తగ్గించండి. మనుషులు ఎక్కేటట్టు చెయ్యండి."

"ఎత్తుగా ఉండటమే ఈ బండి ప్రత్యేకత మేడమ్" అంది ఆ పిల్ల. నేను ఫోన్ పెట్టేసి పార్సిల్ మీద ముద్ర కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానో ఏమో, పార్సిల్ తెచ్చినాయన నా మొహంలోకి చూసి, "లోపల గాజు సామానుందమ్మా" అన్నాడు.

ఆ బండంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. మా ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారు. సర్వీసంతా ఒక డొక్కు స్కూటరు మీద తిరిగిన మనిషి, రిటైరవ్వగానే ఈ ఏనుగును తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. "ఉన్నది ఇద్దరం, ఇంత బండి మనకెందుకండీ?" అంటే, "ఎత్తులో కూర్చుంటే రోడ్డు మొత్తం కనబడుతుందే" అన్నారు. గ్రౌండులో బల్లెక్కి నిలబడి పిల్లల్ని చూసే అలవాటు కదా, రిటైరైనా పోలేదు.

దాని లోపాలు చెప్పుకుంటూ పోతే నాకు పొద్దు చాలదు. తలుపు మెల్లిగా వేస్తే పడదు, గట్టిగా వేస్తే ఆయన అరుస్తారు. వెనక సీట్లో కూరగాయల సంచీ పెడితే అదీ మనిషే అనుకుని, బెల్టు పెట్టుకోమని ఒకటే కూత. పలకరిస్తే జవాబిచ్చే ఆడగొంతు ఒకటి ఉంది దాంట్లో. ఏసీ తగ్గించమంటే పాట పెడుతుంది. పట్టుకోవడానికి పిడి ఉందా అంటే ఉంది, తలుపు పైన, లోపల. ఎక్కి కూర్చున్నాక అందుతుంది. ఎక్కేశాక ఇంక పట్టుకోవడం దేనికో దాన్ని తయారుచేసినవాళ్లకే తెలియాలి. నేను పొట్టిదాన్ని. స్టీరింగు పట్టుకుని, మోకాలు సీటుకి ఆనించి, పాక్కుంటూ ఎక్కేదాన్ని. ఆయన పక్క సీట్లో కూర్చుని పడీపడీ నవ్వేవారు.

నడపడం నేర్పింది ఆయనే. పక్కన కూర్చుని నేర్పలేదు. స్కూలు గ్రౌండులో బండికి ఎదురుగా నిలబడి, పిల్లలకు నేర్పినట్టే చేతులూపి నేర్పారు. ఆయనకో అలవాటుంది. ఎదురుగా ఉన్న పిల్లలు చూసి చెయ్యాలి కాబట్టి, 'కుడి' అన్నప్పుడు ఆయన తన ఎడమచెయ్యి ఎత్తుతారు, అద్దంలో బొమ్మలాగా. ఆ అలవాటు గ్రౌండులో ఆగకుండా ఇంటిదాకా వచ్చింది. నా కుడి బుగ్గకు పిండి అంటుకుంటే ఆయన తన ఎడమ బుగ్గ చూపిస్తారు. పెళ్లయిన కొత్తలో మా గొడవల్లో సగం దీని మీదే. తర్వాత నాకూ ఒంటికి పట్టేసింది. ఎదురుగా ఉండి ఆయన ఏ చెయ్యి ఎత్తినా, నేను దాన్ని తిప్పి అర్థం చేసుకుంటాను. దానికి ఆలోచించక్కర్లేదు.

బండి కొన్న ఏడాది తిరక్కముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. కర్ర సాయంతో కాలీడుస్తూ నాలుగడుగులు వెయ్యగలరు. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో ఎలా పెడితే అలాగే ఉంటుంది. మాట వస్తుంది గానీ కాసేపటికే నాలుక అలిసిపోతుంది, ఇక మిగతాదంతా సైగలే. ఫిజియోథెరపీ డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది. "ఈ కొద్ది నెలలే మన చేతిలో ఉన్నాయి. వదలకుండా ఇక్కడికి వచ్చి చేస్తే నడుస్తారు, చెయ్యీ కదులుతుంది. మధ్యలో మానేస్తే బిగుసుకుపోతారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చినా నేను చెయ్యగలిగేది ఉండదు."

రోజు విడిచి రోజు వెళ్లాలి. నేను ఆఫీసు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చి, ఎదురింటాయన్ని బతిమాలి తీసుకొచ్చి, ఇద్దరం చెరో చంక కిందా చేతులేసి ఆయన్ని బండిలోకి ఎక్కించేవాళ్లం. ఎక్కించడం అని పేరే గానీ, సామాను కుక్కినట్టు కుక్కేవాళ్లం. టాక్సీ పిలుద్దామా అంటే అవి మరీ కిందికి ఉంటాయి, కూర్చుంటే లేవలేరు. ఒకసారి లేపబోయి ఆయనా నేనూ కలిసి ఆ డ్రైవరు కాళ్ల మీద పడ్డాం.

ఒక సాయంత్రం థెరపీ అయ్యాక రోడ్డు పక్కన ఆయన్ని ఎక్కించలేక నేను తంటాలు పడుతుంటే, ఆయన పాత శిష్యులిద్దరు చూశారు. బొజ్జలు పెరిగి, పెళ్లాం పిల్లలున్న వాళ్లు. "మాస్టారూ, మేమున్నాం కదా!" అంటూ పరిగెత్తుకొచ్చి, చెరో పక్కా పట్టుకుని, అమాంతం గాల్లోకి లేపి సీట్లో పెట్టారు. ఒకాయన చొక్కా సర్ది బెల్టు పెట్టాడు. ఇంకొకాయన జేబురుమాలు తీసి మూతి తుడిచాడు. ప్రేమతోనే చేశారు, వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు. ఆయన దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక "ఇంక రాను" అన్నారు.

రాలేదు. బతిమాలాను, తిట్టాను, ఒక పూట తిండి మానేశాను. పొద్దున్నే వరండాలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా వాకిట్లో దుమ్ము కొట్టుకుపోతున్న బండిని చూస్తూ ఉండిపోయేవారు. వారం తిరిగేసరికి ఎడమచేతి వేళ్లు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. నూనె రాసి విడదీయబోతే నా బలం చాలలేదు. నాకు భయం వేసింది. భయం కంటే ముందు నీరసం వచ్చింది. ఈ మనిషిని ఇంక నేను మొయ్యలేను అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసి, ఆ కోపం బండి మీద చూపించాను. వాకిట్లోకి వెళ్లి టైరును ఒక్క తన్ను తన్నాను. నా కాలే వాచింది.

ఆదివారం ఆ కంపెనీ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఓనరు గారితోనే మాట్లాడాలట, బండి వారి పేరు మీదుందట. విసుగొచ్చి, ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన ఒళ్లో పడేశాను. "మాట్లాడండి, ఓనరు గారు కావాలట" అన్నాను.

ఆయన ఫోన్ వంక వింతగా చూశారు. జబ్బు పడ్డాక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయనకెలా ఉందని నన్నే అడుగుతున్నారు. ఏ విషయంలోనైనా ఆయన అభిప్రాయం అడిగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. నేనూ అడగలేదు.

"సార్, మీ బండిలో ఎలాంటి మార్పులు కావాలనుకుంటున్నారు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "రాసుకో... అమ్మా. ఎత్తు తగ్గించొద్దు. ఎత్తే... బాగుంటుంది." నావైపు ఒక చూపు చూశారు. "తలుపు కింద... మెట్టు పెట్టండి."

"మెట్టు. ఇంకా సార్?"

"పిడి. పైన కాదు. తలుపు పక్కన... నిలువుగా. నేల మీద నిలబడితే... అందాలి." ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఎక్కేశాక ఎందుకమ్మా? ఎక్కేవాళ్ల చేతికి... ఏదో ఒకటి దొరకాలి."

నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నాళ్లూ ఆయన ఆ బండి వంక చూస్తుంటే దిగులుతో చూస్తున్నారనుకున్నాను. ఎవరూ ఎత్తకుండా దాంట్లోకి ఎలా ఎక్కాలా అని చూస్తున్నారు.

"చాలా మంచి సూచన సార్. వచ్చే మోడల్‌లో తప్పకుండా పరిశీలిస్తారు."

"అది... ఎప్పుడొస్తుంది?"

"రెండు మూడేళ్లు పట్టొచ్చు సార్."

"అప్పటికి... నాకూ కొత్త మోడల్... వస్తుందేమో" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక ఆ పిల్ల థాంక్యూ చెప్పి పెట్టేసింది.

నేను మాత్రం గరిటె పక్కన పెట్టి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను. "వాళ్ల కోసం ఎవరు ఆగుతారండీ? వెల్డింగ్ మేస్త్రీ చేత నేనే పెట్టిస్తాను. పెట్టిస్తే వస్తారా?"

తలూపారు.

"ఏ పక్కన పెట్టించను?"

అప్పటికే ఆయన నాలుక అలిసిపోయింది. కుర్చీలోంచే చెయ్యెత్తి చూపించారు. కుడిచెయ్యి. నాకు అర్థమైంది.

మర్నాడు ఎవరెవరి కాళ్లో పట్టుకుని సెలవు సంపాదించి, బండిని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లాను. "ఎడమ పక్క, ముందు తలుపుకు. అది మా ఆయన కూర్చునే సీటు" అని చెప్పి, పని అయ్యేదాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. మేస్త్రీ వెడల్పాటి ఇనుప మెట్టు చేసి, కాలు జారకుండా పైన గరుకు రబ్బరు వేశాడు. తలుపు ముందంచున, నిలువుగా, గట్టి పైపు పిడి బిగించాడు. నేను ఆ మెట్టెక్కి, పిడి పట్టుకుని ఊగి చూశాను. చెక్కు చెదరలేదు. ఇంటికొచ్చేటప్పుడు దారిలో కూనిరాగం కూడా తీశాను, ఎన్నాళ్ల తర్వాతో.

ఆయన కర్ర పొడుచుకుంటూ వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. మెట్టు చూశారు. పిడి చూశారు. పిడి ముట్టుకోలేదు.

"బాగా లేదా?" అన్నాను.

"కుడి పక్కన... అన్నాను. నీ వెనక సీటు."

"ఎప్పుడన్నారు? మీరు కుడిచెయ్యి ఎత్తారు. మీరు కుడి ఎత్తితే ఎడమ కదా! నిన్నా మొన్నటి అలవాటా ఇది?"

ఆయన ఒళ్లు కదపకుండా, కళ్లు మాత్రం దించి తన ఎడమచేతి వంక చూసుకున్నారు. "అది... ఎలా ఎత్తనే?" అన్నారు.

కుడి అని చూపించడానికి ఆయన సర్వీసంతా ఎత్తిన చెయ్యి ఇప్పుడు లేవదు. పనిచేసే చెయ్యి ఒక్కటే, అదే ఎత్తారు. అది నేను చూడలేదు. ఎడమ తలుపు ముందు నిలబడితే ముందంచున ఉన్న పిడి ఎడమచేతికి వస్తుంది. కుడిచేతికి ఏమీ దొరకదు. కుడి పక్క తలుపైతే ముందంచు కుడిచేతి వైపుకొచ్చి సరిగ్గా సరిపోయేది. అందుకే వెనక సీటుకైనా ఒప్పుకున్నారు, ఎవరి వెనకా కూర్చోని మనిషి.

ఆ కొత్త మెట్టు మీదే కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. "నా వల్ల కాదండీ ఇంక" అన్నాను. "ఆఫీసులో నిలబడాలి, ఇంట్లో నిలబడాలి, మిమ్మల్ని నిలబెట్టాలి. బుర్ర పనిచెయ్యడం మానేసింది. మళ్లీ సెలవు ఎక్కణ్ణుంచి తేను? ఈలోపు ఆ చెయ్యి బిగుసుకుపోతే నేనేం చెయ్యను?"

ఆయన నన్ను ఓదార్చలేదు. కాసేపు ఆ పిడి వంకే చూశారు. తర్వాత కర్రతో నా కాలి మీద మెల్లిగా తట్టారు. "లే. గ్రౌండులో... కూర్చోకూడదు."

లేచి పక్కకు జరిగాను. ఆయన తలుపు దగ్గరికొచ్చి, నడుము వీలైనంత నిటారుగా చేసుకుని, గడ్డం పైకెత్తి, ఒక్క కేక పెట్టారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"అబౌట్... టర్న్!"

ఎవరికి చెబుతున్నారో నాకు అర్థమయ్యేలోపే తిరగడం మొదలుపెట్టారు. కర్ర ఒక జానెడు, కాలు ఒక జానెడు, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ తిరిగి, వీపు బండి వైపు పెట్టి నిలబడ్డారు. ఇప్పుడా పిడి ఆయన కుడిచేతి పక్కన ఉంది.

కర్ర నా చేతికిచ్చి పిడి పట్టుకున్నారు. కుడికాలు వెనక్కి మెట్టు మీద పెట్టారు. అలవాటు కొద్దీ నేను ఆయన చంక కిందికి చేతులు పోనిచ్చాను. "తియ్యి" అన్నారు. తీశాను, గానీ దూరం జరగలేదు. మొదటిసారి పైకి లేవలేక మళ్లీ నేల మీదికొచ్చారు. రెండోసారి మెడ నరాలు ఉబ్బాయి, చొక్కా వీపుకు అంటుకుపోయింది, మెట్టు మీదికొచ్చారు. అక్కణ్ణుంచి సీటు మీదికి ఒరిగి కూర్చున్నారు. ఎడమకాలు బయటే వేలాడుతోంది. ప్యాంటు గుడ్డ పట్టుకుని దాన్ని కూడా ఎత్తి లోపల పెట్టుకున్నారు. ఎవరూ ఆయన్ని మొయ్యలేదు.

"డాక్టరమ్మ... ఉంటుందా?" అన్నారు ఒగరుస్తూ.

"ఇప్పుడు బయల్దేరితే ఉంటుంది."

"పద."

తలుపు వేసి, బండి చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చాను. అటు మెట్టు లేదు, పిడీ లేదు. తలుపు తీసి స్టీరింగు మీద చెయ్యేశాను. మోకాలు లేవలేదు. ఇన్నాళ్లూ ఎలా ఎక్కానో నాకే తెలియడం లేదు. ఇంకోసారి ప్రయత్నించే ఓపిక లేక, సీటు అంచుకు నుదురానించి అలాగే నిలబడ్డాను.

ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఆ అమ్మాయి మళ్లీ చేస్తే... చెప్పాలి" అన్నారు. "నడిపేవాళ్ల పక్కన కూడా..."

అక్కడితో నాలుక మొరాయించింది. తలెత్తి చూశాను. మిగతాది చేత్తో చెబుతున్నారు. సీటు మీదుగా వంగి, కుడిచెయ్యి నా వైపు చాచి ఉంచారు. తిప్పి అర్థం చేసుకోవలసిందేమీ లేదు. పట్టుకున్నాను. ఆయన లాగారు, నేను ఎక్కాను.