నొప్పి లేదన్న కన్నమ్మ

కన్నమ్మ జీడిపిక్కను మిషన్‌లో పెట్టి పెడలు తొక్కింది. పిక్క చీలింది. చర్మాన్ని కాల్చే జీడి రసం చిమ్మి వేలి మీద పడింది. వేలిని బూడిదలో అద్ది ఇంకో పిక్క అందుకుంది. కాశీబుగ్గ ఫ్యాక్టరీలో పెళ్లయిన ఏడాది నుంచీ ఆమె పని అదే. వేళ్ల తోలు ఊడుతుంది, మళ్లీ వస్తుంది. ఆమె పట్టించుకోదు.

ఈమధ్య ఎడమ చెయ్యి లేవడం లేదు. రొమ్ము తీసేసిన చోట, మచ్చ పక్కనే, మళ్లీ గడ్డ లేచింది.

"ఇంటికి పోయి తొంగో వొదినా. నువ్వు కొట్టకపోతే పిక్కలేటి ఏడుత్తాయా?" అంది పక్క మిషన్ తొక్కే పెద్దతల్లి అనే ఆమె.

మధ్యాహ్నం కోడలు నాగసుధ వచ్చి ఆమెను టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లింది. క్యాన్సర్ డాక్టరు మహీధర్ కాగితాలు చూసి, జబ్బు మళ్లీ వచ్చిందని చెప్పి, ఆపరేషన్ తర్వాత నొప్పిమాత్రలు వేసుకుందా అని అడిగాడు. వేసుకోలేదు. నర్సు అటు తిరగగానే చెంగులోకి ఉమ్మేసేది. భర్త కూర్మనాథం కిడ్నీలు పోయి చనిపోయాడు. నొప్పిమాత్రలే కిడ్నీలను తింటాయని కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ఉద్దానంలో ఇంటింటా అంటారు. ఆ భయం ఉత్తది కాదు. కిడ్నీలకు చేటు చేయని మందులూ ఉంటాయని ఆపరేషన్ చేసిన విశాఖ ఆసుపత్రిలో ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. నొప్పి ఉందా అంటే లేదనేది. దిండు కొరుక్కుంటూ పడుకున్న మనిషిని పెద్ద డాక్టరు శిష్యులకు చూపించి, ఉద్దానం ఆడవాళ్లకు ఓర్పెక్కువని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

"ఆ నొప్పి ఓర్సకపోతే ఇది మల్లీ వచ్చీది కాదేటి బాబూ?" అని కన్నమ్మ అడిగింది.

ఆపరేషన్ నాటి నొప్పికీ, మత్తుకీ, జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం ఉందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయనీ, ఇంకా తేలలేదనీ, తప్పు మాత్రం ఆమెది కాదనీ మహీధర్ చెప్పాడు.

"నొప్పెడతందని మనిసి మొకం సూత్తే తెలీదా? దానికీ పరిశోదన కావాలేటి?" అంది నాగసుధ.

డాక్టరు కన్నమ్మ వైపు తిరిగి, ఇప్పుడు నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఆమె అలవాటు కొద్దీ లేదనబోయి ఆగింది.

"నొప్పెడతంది బాబూ. శానా నొప్పెడతంది."

ఆయన నొప్పికి మార్ఫిన్ రాశాడు. అది అక్కడ దొరకదు. విశాఖ నుంచి రావాలి. మత్తుమందు కాబట్టి దానికి ఒక అధికారి సంతకం కావాలి. అధికారి సెలవులో ఉన్నాడు.

సంతకం పడేలోపు, ఒక తెల్లవారుజామున కన్నమ్మ పోయింది. ఓర్పుగల మనిషని చుట్టాలు అనబోతే నాగసుధ అననివ్వలేదు.

పెద్దకర్మ అయ్యాక మందు వచ్చింది. నాగసుధ దాన్ని గూట్లో పెట్టింది. ఆ సీసా మూతకున్న సీలు ఇప్పటికీ ఊడలేదు.