దిగని మడమలు

ఛీ, పాడు పరీక్ష! నిజాం పోయి ఏడాదయినా నార్కట్‌పల్లి పక్కనున్న ఆ ఊరికి పోలీసుల పీడ వదల్లేదు. గుట్టల్లో దాక్కున్న కమ్యూనిస్టు దళానికి కబుర్లు మోసేదెవడో తేల్చడానికి కొత్త జమేదారు ఒక ఉపాయం పన్నాడు. మగవాళ్ళంతా ఎండలో మునివేళ్ళ మీద నిలబడాలి. గుట్టలెక్కేవాడి చీలమండలు గట్టిపడతాయట, ఎక్కువసేపు నిలిచినవాడే దళం మనిషట! పోలీసు పటేలు రఘుపతి ఆహా అని మెచ్చుకున్నాడు. వరసలో నిలబడ్డ గీత కార్మికుడు గాలయ్య గీసిన కల్లు రోజూ ఊరికే తాగే నోరది.

మొదట కూలింది ముసలి లింగయ్య. నూరు లెక్కపెట్టకముందే కాళ్ళు వణికి బోర్లా పడ్డాడు. వీడికి గడప దాటే సత్తువ లేదు పొమ్మని పటేలు నవ్వాడు. దళానికి కబురు మోసి, రాత్రంతా గుట్టల్లో నడిచి తెల్లారేసరికి ఊరు చేరిన లింగయ్యను తాటిచెట్టు మీది నుంచి చూసింది గాలయ్యే. అలసి పడ్డవాడు అమాయకుడు, అలవాటుకొద్దీ నిలిచినవాడు దొంగ. ఏం తెలివిరా నాయనా!

లింగయ్యను చూసి మిగతావాళ్ళూ కావాలనే ఒక్కొక్కరే కూలారు. గోడ పక్కనుంచి గాలయ్య భార్య భద్రమ్మ పడమని కళ్ళతోనే బతిమాలింది. పడాలని గాలయ్యకూ తెలుసు. కాని చెట్టు మీద మడమ దిగితే చావేనని, చెట్టెక్కేటప్పుడు పాదాలకు వేసే తాడు బంధం, గుజి, తగిలించి, కొట్టి మరీ నేర్పాడు తండ్రి. మోకాళ్ళు బిగిస్తే పిక్కలు పట్టేస్తాయి, కొంచెం వంచితే చీలమండలు ఓర్చుకుంటాయి. తెలియకుండానే మోకాళ్ళు వంగాయి. పడదామనుకున్న ప్రతిసారీ ఒళ్ళు ఒప్పుకోలేదు. తన కాళ్ళంటే తనకే అసహ్యం పుట్టింది.

అసలు వాడెవడో చెబితే వదిలేస్తానన్నాడు జమేదారు. లింగయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. గాలయ్య దాన్ని మింగి, పటేలు చెప్పుల ముందు ఉమ్మేశాడు.

జమేదారు పట్టుకుపోయిన మూడు నెలలకు రెండు చీలమండలూ విరిగి, పోలీసు క్యాంపు నుంచి బండిలో ఇల్లు చేరాడు. మర్నాడే పటేలు సిగ్గు లేకుండా తన పనులు చేసే ఊరి నౌకరు, మస్కూరి కురుమయ్యకు కుండ ఇచ్చి కల్లుకు పంపాడు. గాలయ్య ఆ కుండను వాకిట్లోకి నెట్టేశాడు.

"కల్లు చెట్టు మీదనే ఉన్నది కురుమయ్యా. నా కాళ్ళు పటేలే తీస్కున్నడు. గవ్వి ఏస్కొని ఎక్కుమను."